వంటింటి మీదుగా ఫాస్ట్ లోకల్

హరిచరణ్ ఆ కబురు పంపకుండా ఉంటే ఏమీ జరిగేది కాదు.

చిన్న కబురే. తొండియార్‌పేటలో పట్టాల మీద నడిచి వాటి బాగోగులు చూసుకునే కీమ్యాన్ కన్నియప్పన్‌ని ముందురోజు సాయంత్రం ప్లాట్‌ఫారం చివర పట్టుకున్నాడు.

"అన్నా, రేపు పొద్దున బండి నాదే. మా అక్కతో ఒక్క మాట చెప్పు."

"ఏమని చెప్పేది?"

"నాదే అని చెప్పు. అది చాలు."

కన్నియప్పన్ సుత్తిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "మీ ఇద్దరి నడుమ నేనొక పోస్ట్‌మ్యాన్. ఆమె నా మొహాన తలుపేస్తే?"

"నీ మొహాన ఎందుకేస్తాది? నీకు అప్పడాల కట్ట కూడా ఇచ్చిందంట గదా."

"అవును, అప్పడాలు నాకిచ్చింది. తిట్లు నీకిమ్మనింది. అవి మోసుకొచ్చేదానికి నాకు వేరే సంచి కావాల."

నవ్వుతూనే వెళ్లాడు. మరి కాసేపటికి హరిచరణ్ ఫోన్ మోగింది. అవతల కన్నియప్పన్.

"చెప్పినా. తలుపెయ్యలా."

"ఏమనింది?"

"ఏమీ అనలా. చెయ్యి తుడుచుకుని లోపలికి పోయింది. తిట్టలా. అది కూడా రాసుకో."

ఆ రాత్రి హరిచరణ్ పురసవాక్కంలోని తన ఫ్లాట్‌లో హాయిగా నిద్రపోయాడు. తను పుట్టిన ఇల్లు కూల్చినప్పటి నుంచి అతనికి అంత మంచి నిద్ర పట్టడం అదే మొదటిసారి.

*

అతను లోకల్ రైలు మోటార్‌మన్. బీచ్ స్టేషన్ నుంచి గుమ్మిడిపూండి దారిలో బళ్లు నడుపుతాడు. వాళ్ల ఇల్లు ఆ దారిలోనే, తొండియార్‌పేట స్టేషన్‌ని ఆనుకుని ఉండేది. కందిపప్పు టోకు వ్యాపారం చేసిన తండ్రి వీరరాఘవులు కట్టిన ఇల్లు. తల్లి ముందే పోయింది. భర్త చనిపోయి పుట్టింటికి తిరిగొచ్చిన అక్క రాజలక్ష్మి తమ్ముణ్ని పెంచింది. తండ్రి వ్యాపారం మూతబడ్డాక అప్పడాలు ఒత్తి, మేడ మీద ఎండబెట్టి, అమ్మి, అతన్ని చదివించింది.

ప్లాట్‌ఫారం ఉత్తరపు కొస సరిగ్గా ఆ ఇంటి వంటింటి వెనక తలుపు దగ్గర ముగిసేది. బీచ్ నుంచి వచ్చిన బండి ఆగిందంటే మోటార్‌మన్ కిటికీ ఆ తలుపుకి ఎదురుగా నిలిచేది. మధ్యలో చెయ్యి చాపితే అందేంత దూరం. దాంతో అక్కాతమ్ముళ్లు తమకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. స్టేషన్‌లోకి వస్తూ అతను హారన్‌ని రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా కొట్టేవాడు. అది వినబడగానే ఆమె పొయ్యి తగ్గించి, క్యారియర్ పట్టుకుని వెనక మెట్టు మీదికి వచ్చి నిలబడేది. బండి ఆగేది. క్యారియర్ కిటికీలోకి పోయేది, నిన్నటి ఖాళీది బయటికి వచ్చేది. గార్డు గంట కొట్టేవాడు. బండి కదిలేది.

ఏ రూల్‌లోనూ లేని పని. కానీ ఆ వీధిలో అందరికీ ఆ కూత తెలుసు. ఆ బండికి గుమ్మిడిపూండి లోకల్ అని పేరున్నా, వీధికి మాత్రం అది రాజలక్ష్మి బండి.

తర్వాత కొత్త లైను వచ్చింది. ఉత్తరాన ఊళ్లు పెరిగాయి. ఎన్నూరు, మీంజూరు వైపు నుంచి వచ్చే జనం బళ్లలో పట్టడం లేదు. ఆగకుండా పోయే ఫాస్ట్ లోకళ్లకు వేరే లైను కావాలన్నారు. దానికి పట్టాల పక్కనున్న ఇళ్ల వరస అడ్డం.

వీధిలో షామియానా వేసి మీటింగ్ పెట్టారు. ఎవరూ మెత్తబడలేదు. అప్పుడే డ్యూటీ దిగి యూనిఫాంతో వచ్చిన హరిచరణ్ వెనక నిలబడి కాసేపు విన్నాడు. తర్వాత ముందుకు వెళ్లి మైకు అడిగి తీసుకున్నాడు.

"నేను రోజూ చూస్తాండా. ఆడోళ్లు సైతం తలుపుల్లో వేలాడతా పోతాండారు. వాళ్లూ మనమాదిరి మనుషులే గదా. మా ఇల్లు మేమిస్తాం."

నమ్మే అన్నాడు. అతని యూనిఫాం చూసి, మాట విని వరసంతా మెత్తబడింది. రైల్వేవాడే ఇస్తానంటుంటే ఇంక మనదేముందని ఒక్కొక్కరే తలలూపారు. చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల వైపు కుర్చీలో కూర్చున్న రాజలక్ష్మి మాత్రం లేచి అతని దగ్గరికి వచ్చింది.

"మేమంటే ఎవుర్రా?" అంది.

 ఆమెను ఒక్క మాట అడగాలని అతనికి తోచనే లేదు. అది తోచకపోవడమే ఆమెకు తగిలింది.

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. అదే వీధిలో వెనక వరసలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకుంది. అతను వెళితే తలుపు తెరిచేది కాదు. అతని భార్య సింధూరి వెళితే కాఫీ ఇచ్చి, వాడి ఊసు తప్ప అన్నీ మాట్లాడి పంపేది. ఇల్లు కూల్చారు. చదును చేశారు. కంకర పోశారు. ప్రహరీ సగం కట్టి, సామాను మోసేందుకు కొంత ఖాళీ వదిలారు. రాజలక్ష్మి కొన్ని సాయంత్రాలు ఆ ఖాళీలోంచి వచ్చి, పనివాళ్ల మధ్య నిలబడేదని కన్నియప్పన్ చెప్పాడు. "ఇది వంటిల్లు, ఈడ చెప్పులేసుకుని తిరగొద్దు" అనేదట. వాళ్లు నవ్వితే ఆమె కూడా నవ్వేదట.

హరిచరణ్ హారన్ మానలేదు. ఆ దారిలో డ్యూటీ పడ్డ ప్రతిసారీ స్టేషన్‌లోకి వస్తూ అదే కూత కొట్టేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు. అయినా కొట్టేవాడు. చివరికి అది అతను కొట్టడం కూడా కాదు, చెయ్యే కొట్టేది.

*

మర్నాడు పొద్దున బీచ్ స్టేషన్‌లో సంతకం పెట్టి, తాగలేదని రుజువుకి గొట్టంలోకి ఊదాడు. డ్యూటీలు వేసే ధర్మలింగం తల ఎత్తి నవ్వాడు.

"హరీ, చొక్కా ఇస్త్రీ చేసే వచ్చినావు, ఎవరైనా ముందే చెప్పినారా?"

"ఏంది సార్?"

"కొత్త లైను ఈరోజు నుంచే అని రాత్రి ఆర్డరు వచ్చింది. మొదటి బండి నీది. ఫాస్ట్. కొరుక్కుపేట దాటితే మళ్లీ తిరువొత్తియూర్‌లోనే ఆగేది. ఆఫీసర్లు కూడా ఎక్కుతాండారు, కొంచెం స్మూత్‌గా తోలు. బ్రేకు కొట్టి వాళ్ల కాఫీ ఒలకబోయించొద్దు."

హరిచరణ్ గుండె ఉప్పొంగింది. ఆ లైనుకి ఇల్లు ఇచ్చింది తను. దాని మీద మొదటి బండి నడిపేది తను. బండికి బంతిపూల దండ కట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఎవరో ఫోటో తీశారు. రూలు ప్రకారం ఫోన్ ఆపేసి సంచిలో పడేశాడు. ఈ సందట్లో తను అక్కకు పంపిన కబురు అతనికి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

రాయపురం దాటింది. చాకలిపేట దాటింది. కొరుక్కుపేటలో ఆగి బయల్దేరాక బండి ఎడమకి ఒరిగి కొత్త పట్టాల మీదికి ఎక్కింది. చక్రాల చప్పుడు మారిపోయింది. పాత పట్టాల టకటకలు లేవు. సన్నని ఈల ఒకటే.

వెనక పెట్టెలో ఉన్న గార్డు అరుళ్ వాకీటాకీలో పలికాడు. "అన్నా, పాలమీగడ మీద పోయినట్టుంది. నాకు నిద్దరొస్తాంది."

హరిచరణ్ నవ్వబోయాడు. ఎదురుగా, దూరంగా తొండియార్‌పేట ప్లాట్‌ఫారం కనిపించింది. అది కుడిచేతి వైపు పాత లైను పక్కన ఉంది. తన లైను పక్కన ప్లాట్‌ఫారం లేదు. ఆ ప్లాట్‌ఫారం కొస దాటితే తన లైను ఎక్కడి మీదుగా పోతుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు.

నవ్వు ఆగిపోయింది.

అక్క వస్తుంది. తిట్టలేదంటే వస్తుంది. క్యారియర్‌తో వస్తుంది. వచ్చి ఎక్కడ నిలబడుతుంది? ఎప్పుడూ నిలబడే చోటే. మెట్టు లేకపోయినా ఆ చోటు ఉంది. ఆ చోట ఇప్పుడు పట్టాలున్నాయి. తను పాత లైను మీద వచ్చి, ఎప్పటిలాగే ఆగి, కిటికీ తెరుస్తాడని ఆమె లెక్క. తను ఆగడు.

"అరుళ్. తొండియార్‌పేట మాస్టర్‌కి చెప్పు. ఉత్తరం కొసలో, కొత్త లైను మీద మనిషి ఉందేమో చూడమను. అర్జెంట్."

"ఎవురన్నా?"

"మా అక్క."

అరుళ్ జోకు వేయలేదు. వాకీటాకీలో అతను స్టేషన్ మాస్టర్‌ని పిలవడం వినిపించింది.

హరిచరణ్ వేగం తగ్గించాడు. పూర్తిగా ఆపేయొచ్చు. చెయ్యి బ్రేకు మీదే ఉంది. కానీ అక్క అక్కడ ఉందని ఎవరు చెప్పారు? రాకపోయి ఉండొచ్చు. దండ కట్టిన బండిని, ఆఫీసర్లున్న బండిని, మొదటి రోజే స్టేషన్ లేని చోట ఆపి, "మా అక్క వస్తుందేమోనని" అంటాడా? వేగం తగ్గించాడు కదా, చాలు. ఇంకొక్క పనుంది. ఆ కూత కొట్టకూడదు. ఆ కూత వినబడకపోతే ఆమె ప్రహరీ దాటి రాదు. వేరే ఎవరి బండో అనుకుని లోపలే ఉంటుంది. ఊరికే పొడుగ్గా, ఆపకుండా కొట్టాలి. మామూలు కూత.

హారన్ కొట్టమని చెప్పే పసుపు బోర్డు వచ్చింది.

చెయ్యి మీట మీద పడింది. రెండుసార్లు పొట్టిగా. ఒకసారి పొడుగ్గా.

తన హారన్ తనకే వినబడ్డాక గానీ ఏం చేశాడో హరిచరణ్‌కి అర్థం కాలేదు. వెంటనే మీట నొక్కిపట్టి ఆపకుండా మోగించాడు. కానీ వీధికి వినబడాల్సింది వినబడిపోయింది.

ప్రహరీ ఖాళీలోంచి రాజలక్ష్మి వచ్చింది. ఆకుపచ్చ చీర. చేతిలో క్యారియర్. చెప్పులు లేవు. బండి వచ్చే వైపు చూసింది. అక్కడ లైన్లు వంపు తిరుగుతాయి. వచ్చే బండి ఏ పట్టాల మీదుందో దగ్గరికి వచ్చేదాకా తెలియదు. ఆమె కొత్త లైను రెండు పట్టాల నడుమకి వచ్చి, పాత లైను వైపు తిరిగి, కొంగు సర్దుకుని నిలబడింది.

ప్లాట్‌ఫారం మీద కన్నియప్పన్ చేతులూపుతూ పరిగెత్తుతున్నాడు. ఆమె అతని వైపు చూసి చెయ్యెత్తింది. పలకరిస్తున్నాడనుకుంది.

హరిచరణ్ బ్రేకు పూర్తిగా వేశాడు. బండి మొత్తం ముందుకు తూలింది. పెట్టెల్లో జనం అరుపులు. చక్రాల కింద ఇనుము కీచుమంది. ఆ చప్పుడుకి ఆమె ఇటు తిరిగింది. అద్దంలోంచి తమ్ముణ్ని చూసింది. భయపడ్డట్టు లేదు. ఇటునుంచి వస్తాండావేందిరా అన్నట్టు చూసింది. అప్పుడు వెనక్కి అడుగేసింది. కొత్త కంకర ఇంకా సర్దుకోలేదు. కాలి కింద జారింది. పడింది.

బండి ఆగింది. ముందే వేగం తగ్గించి ఉండకపోతే ఆమె మీదుగా పూర్తిగా పోయి ఆగేదని తర్వాత అందరూ అన్నారు.

హరిచరణ్ కిందికి దూకాడు. కంకర నిండా పులిహోర. ఒక గిన్నెలో ముక్కలైన అప్పడాలు. ఇంకో గిన్నె దొర్లుకుంటూ పోయి పాత లైను దగ్గర ఆగింది.

*

పెద్దాసుపత్రిలో మోకాలి కింద కుడికాలు తీసేశారు. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు.

విచారణ జరిగింది. మోటార్‌మన్ తప్పేమీ లేదని, సమయానికి వేగం తగ్గించి ఒక ప్రాణం కాపాడాడని తేల్చారు. హారన్ కొట్టావా అని అడిగారు. కొట్టానన్నాడు. ఎలా కొట్టావని ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామనే ఎదురుచూశాడు. తనంతట తాను చెప్పకుండానే సంతకం పెట్టి వచ్చాడు. వేగం తగ్గించినవాడు ఎందుకు ఆపలేదని కూడా ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న అతను తనకు తానే వేసుకుంటున్నాడు. ఒలకబోయే కాఫీ కోసం, ఒక బంతిపూల దండ కోసం. దానికి ఇంతకంటే గౌరవంగా చెప్పుకునే జవాబు దొరకడం లేదు.

విచారణ ముగిశాక అతను మొదటిసారి వార్డులోకి వెళ్లేసరికి పోలీసాయన మంచం పక్కన కూర్చుని ఆమె వాంగ్మూలం తీసుకుంటున్నాడు.

"హద్దు దాటి రైల్వే స్థలంలోకి వచ్చినారు. అంతే గదా అమ్మా?"

"హద్దు ఏడుందో నువ్వే చూపించు నాయనా. నేను పుట్టింది ఆడే."

"అట్లా రాసేదానికి లేదమ్మా."

"సెరి, నీకెట్లా వీలైతే అట్లా రాసుకో."

అతను రాసుకుని, హరిచరణ్‌కి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మంచం మీద దుప్పటి ఒకవైపు పాదం దాకా ఎత్తుగా ఉంది. రెండోవైపు సగంలోనే చదునుగా పడిపోయింది. హరిచరణ్ ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు చూశాడు.

"కూర్చో. నిలబడితే మెడ నొస్తాంది నాకు," అంది రాజలక్ష్మి. మీటింగ్ తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

కూర్చున్నాడు. "అక్కా, ఆ కూత..."

"విన్నా. కాలే గదా పోయింది, చెవులుండాయి."

"కొట్టకూడదనే అనుకున్నా. చెయ్యి కొట్టేసింది."

"నీ చెయ్యి నీ మాట ఎప్పుడు వినింది? చిన్నప్పుడు బెల్లం డబ్బా కాడ కూడా ఇదే చెప్పేవాడివి."

అతనికి ఏడుపు వచ్చింది. ఆమె చూడనట్టు దుప్పటి అంచు సరిచేసుకుంది.

"నీకు అన్నం పెట్టేదానికి వచ్చినా అనుకుంటాండావేమో," అంది. "అదేం కాదు. కిటికీ తెరిస్తే నాలుగు తిట్టి పోదామని వచ్చినా. నీ బండిలో జనమందరూ వినాల. వచ్చేటప్పుడే మాటలు కూర్చుకున్నా."

పులిహోర సంగతి అతను ఎత్తలేదు. "ఇప్పుడు తిట్టు," అన్నాడు.

"ఇప్పుడా? నువ్వు ఈ మొహం పెట్టుకొనుంటే ఎట్లా తిట్టేది? అవి నవ్వే మొహాన్ని తిట్టేదానికి కూర్చుకున్న మాటలు."

పక్క మంచం ఆవిడ నవ్వింది. రాజలక్ష్మి కూడా నవ్వబోయి, నొప్పికి కళ్లు మూసుకుంది. అతను నర్సును పిలవబోతే వద్దని చెయ్యి ఊపింది.

"సింధూరి చెప్పింది. మీ ఇంటికి వచ్చేయమంటాంది. మూడో అంతస్తు. లిఫ్ట్ ఉందంట."

"రా అక్కా."

"చూద్దాం. ఇంక నేలమీద కూర్చుని అప్పడాలు ఒత్తేదానికి కాదు. ఏడున్నా ఒకటే." ఆ మాట చాలా మామూలుగా అంది. అతనికి అన్నిటికంటే ఎక్కువ తగిలింది ఆ మామూలుతనమే.

"అక్కా, నేను లైను మార్చమని అడగబోతాండా. తాంబరం వైపు ఇమ్మంటా. మళ్లీ ఆ దారిలో నా వల్ల కాదు."

ఆమె కళ్లు తెరిచింది.

"ఈసారి నన్ను అడిగినావు. సంతోషం," అంది. "వద్దు. అడగొద్దు. ఆ లైను ఎవురో ఒకరు తోలాల. వేరేవాడికి అది ఉత్త కంకర. వాడు విమానం మాదిరి పోతాడు. నువ్వైతే ఆడికి వచ్చేసరికి నెమ్మది చేస్తావు. అమ్మ వండిన చోటు. కొంచెం నెమ్మదిగా పో. అంతకంటే నాకేం వద్దు."

 ఆసుపత్రికి వచ్చే ముందు బీచ్ స్టేషన్‌లో ధర్మలింగం బోర్డు మీద అంటించిన ఆర్డరు హరిచరణ్‌కి కళ్లముందు కనబడింది. కంకర సర్దుకుంది, ప్రహరీ పూర్తయింది, వచ్చే వారం నుంచి కొత్త లైను మీద వేగం పెంచుతున్నారు. తొండియార్‌పేట మీదుగా పూర్తి వేగం. కారణం లేకుండా తగ్గించిన మోటార్‌మన్ సంజాయిషీ ఇచ్చుకోవాలి. అమ్మ వండిన చోటు అని రాస్తే దాన్ని కారణం అనరు.

"ఏమిరా, పోతావా నెమ్మదిగా?"

ఇల్లు ఇచ్చేసిన రోజు ఈమెను అడక్కుండా అందరి ముందు గొంతెత్తి మాట్లాడాడు. ఇప్పుడు ఆమే అడుగుతుంటే ఆ ఆర్డరు మాట ఎత్తలేదు.

"పోతాలే అక్కా," అన్నాడు.

ఆమె నమ్మింది. అటు తిరిగి పడుకుని, కాసేపటికి నిద్రపోయింది.